కారు లేదని పెట్టిన సంతకం

నవంబర్ 2

మెట్ల దగ్గర ఫోల్క్‌హార్డ్ మళ్ళీ కాయితం అంటించాడు. "ఎరువు డబ్బాలో ఎవరో మందు కొట్టిన నిమ్మకాయల తొక్కలు వేశారు. ఆ వ్యక్తి దయచేసి తన మనసుతో ఒకసారి మాట్లాడుకోవాలి." నిమ్మతొక్క గురించి మనసుతో మాట్లాడుకోవాలట! అరవై తొమ్మిదేళ్ళ మనిషి, యూనివర్సిటీలో ముప్పయ్యేళ్ళు అడవుల గురించి పాఠాలు చెప్పినవాడు, పొద్దున్నే చేతికి తొడుగు వేసుకుని పదకొండు ఇళ్ళ చెత్త కెలుకుతాడు. ఎవరు ఏం తిన్నారో, ఎంత పారేశారో అన్నీ అతనికి తెలుసు. 

తొక్కలు నావే.

నవంబర్ 5

వాగ్దాన పత్రాలు వచ్చాయి. ఏటా వచ్చేవే. "నాకు కారు లేదు, వచ్చే ఏడాది కూడా ఉండదు" అని ఈ నెల ముప్పైలోగా సంతకం చేసి ఇంటి సభ పెట్టెలో వేయాలి. పదకొండు కుటుంబాలం కలిసి కట్టుకున్న ఈ ఇంట్లో కారున్నవాళ్ళు ఉండకూడదు. ఇరవై రెండేళ్ళ క్రితం పునాది తవ్వేటప్పుడే రాసుకున్న నియమం ఇది. కారైనా ఉండాలి, ఇల్లైనా ఉండాలి.

నాకు కారు లేదు. కారు మా అన్న ఎగ్బర్ట్‌ది. కాయితాల మీద అతని పేరే ఉంది.

నవంబర్ 12, శనివారం

సైకిల్ మీద పక్క ఊరి శ్మశానం దాకా వెళ్ళాను. పన్నెండు నిమిషాలు. అక్కడి ఖాళీ స్థలంలో బండి పెడితే ఎవరూ ఎవరినీ అడగరు. వెళ్ళేసరికి కారు ముందు అద్దం మీద మంచు అంతా ఎవరో శుభ్రంగా గీకేసి ఉంచారు. పోయిన చలికాలం కూడా ఇలాగే జరిగింది. సమాధుల మీద పూలు మార్చే ముసలాయన పని అయి ఉంటుంది. ఇంకా మంచివాళ్ళు ఉన్నారు లోకంలో, కాకపోతే వాళ్ళు మా ఇంట్లో ఉండరు.

బ్రైజాఖ్ ఊరి దాకా పోయి వచ్చాను. పని ఏమీ లేదు. మోకాలి నొప్పి కోసం అనుకోవచ్చు. దారిలో ఆగి, బన్నులో పెట్టిన వేడి సాసేజీ కొనుక్కుని, కిటికీలు మూసి, హీటరు పెట్టుకుని తిన్నాను. ఆ డబ్బాలో కూర్చున్న గంటసేపు నాతో ఎవరూ "మనం" అనరు. మనం తగ్గిద్దాం, మనం పంచుకుందాం, మనం ఆలోచిద్దాం. వారంలో ఆ ఒక్క గంట లేకపోతే నేను ఈ ఇంట్లో ఎవరినో ఒకరిని కొరికేసేదాన్ని.

ఎగ్బర్ట్‌కి కళ్ళు మసకబారి నాలుగేళ్ళయింది. తోలడు. అయినా కారు అతనిదే.

నవంబర్ 15

ఇంటి సభ. కింది హాలు, చెప్పులు విప్పి ఉన్ని మేజోళ్ళతో గుండ్రంగా కూర్చోవడం, కొర్రల వడలు. ఆ వడలు నోట్లో పెట్టుకుంటే రంపపు పొట్టు తిన్నట్టుంటుంది. అందరూ "ఆహా" అంటారు. నేనూ అన్నాను.

చివర్లో ఫోల్క్‌హార్డ్ గొంతు సవరించుకున్నాడు.

"నా చెవిన ఒక మాట పడింది. నాకే బాధగా ఉంది చెప్పడానికి. మన ఇంట్లో ఒకరికి కారుందట. పక్క ఊళ్ళో శ్మశానం దగ్గర పెడుతున్నారట."

స్వాంట్యే ఐతే గుండె మీద చెయ్యి వేసుకుంది. ఈ పిల్ల నగర రవాణా మీద పరిశోధన చేస్తుంది. ఆ పరిశోధన చదివి వినిపించడానికి ఈ ఏడాది మూడుసార్లు విమానంలో సముద్రాలు దాటింది. "మన ఇంట్లోనా? నాకు ఒళ్ళు జలదరిస్తోంది ఫోల్క్‌హార్డ్!" అంది. పైన పటారం, లోన లొటారం.

"పేరు నాకు తెలీదు," అన్నాడు అతను. "ఆ మనిషే వచ్చి చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. లేదంటే సోమవారం నుంచి నేనే పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి అక్కడ కూర్చుంటా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మెడలో శాలువా సర్దుకున్నాను. ఎవరూ చూడలేదు. చూడలేదనే అనుకుంటున్నాను.

నవంబర్ 16

తెల్లారకుండానే వెళ్ళాను, కారు అక్కణ్ణుంచి తీసేద్దామని. తలుపు తీసి కూర్చున్నానో లేదో ఇంకో కారు వచ్చి మూడు బండ్ల అవతల ఆగింది. నీలం రంగు, చిన్నది. దాంట్లోంచి దిగింది మా రెండో అంతస్తు లియోబా! చేతిలో మంత్రసాని సంచీ. నేను స్టీరింగు కిందికి దూరిపోయాను. మోకాలు కలుక్కుమంది. ఆమె బండికి తాళం వేసి, చెట్టు కింద పెట్టిన సైకిల్ తీసుకుని, ఊరి వైపు తొక్కుకుంటూ పోయింది.

లియోబా! మన మంత్రసాని సైకిల్ మీద వస్తుంది అని మా ఇంటి గురించి వేసిన పుస్తకం అట్ట మీద బొమ్మ వేసుకున్నామే, ఆ లియోబా. ఈ ఇంట్లో పుట్టిన తొమ్మిది మంది పిల్లల్ని చేతుల్లోకి అందుకున్న మనిషి. పత్రం మీద ఏటా సంతకం పెట్టి, బొమ్మకి నవ్వి, వెనకాల ఈ పని. ఎంత అసహ్యం! నాది మా అన్న బండి. ఆమెది ఆమెదే.

నా బండిని, అంటే ఎగ్బర్ట్ బండిని, అవతలి ఊళ్ళో అగ్నిమాపక కేంద్రం వెనక పెట్టి వచ్చాను.

నవంబర్ 17

సూత్రం సూత్రమే. ఎవరో ఒకరు చెప్పాలి. నేను పనిచేసే ల్యాబ్‌లో విత్తనాల లెక్క అచ్చు వేసే యంత్రం మీద రెండు వాక్యాలు కొట్టాను. బండి రంగు, నంబరు, ఎవరిది. సభ పెట్టెలో వేశాను. పేరు పెట్టలేదు. పేరుదేముంది, ముఖ్యం విషయం.

ఫోల్క్‌హార్డ్ వెళ్ళి కూర్చోనక్కర్లేదు ఇక. ముసలాడికి చలి తప్పించాను.

నవంబర్ 18

నిద్ర బాగానే పట్టింది.

నవంబర్ 22

సభలో ఫోల్క్‌హార్డ్ కాయితం చదివాడు. లియోబా ఒక్క క్షణం కూడా నీళ్ళు నమలలేదు.

"నాదే. రెండేళ్ళయింది కొని."

 "ఎందుకు లియోబా?" అంది స్వాంట్యే, చచ్చిపోయినవాళ్ళ ఇంట్లో మాట్లాడే గొంతుతో. "పేట ఉమ్మడి కారు ఉంది కదా మనకి? ముందే చెప్పి పెట్టుకుంటే సరిపోయేదిగా?"

"పిల్లలు ముందే చెప్పి పుట్టరు స్వాంట్యే." లియోబా గొంతు పెంచలేదు. "రెండేళ్ళ కింద జనవరిలో షావిన్స్‌లాండ్ కొండ మీద ఒకామెకి నొప్పులొచ్చాయి. ఉమ్మడి కారు ఎవరో స్కీయింగ్‌కి తీసుకుపోయారు. మీలోనే ఎవరో. నేను మంచులో సైకిల్ తొక్కుకుంటూ పోయా. నేను వెళ్ళేసరికి బొడ్డుపేగు బిడ్డ మెడకి చుట్టుకుని పావుగంటయింది. ఆ బిడ్డ బతికింది గానీ మెడ నిలపదు ఇప్పటికీ. ఆ మర్నాడే బండి కొన్నా. మీకు చెప్తే వద్దంటారని చెప్పలేదు. అది నా తప్పే."

ఎవరో అన్నారు, ఎవరో కూడా కాదు ఫోల్క్‌హార్డే, "ఆ కొండ మీది ఆడవాళ్ళు నెల ముందే కిందికొచ్చి ఉంటే పోదూ?" అని. పది మంది తలలూపారు. ఆ నెలంతా వాళ్ళ ఆవులకి పాలు పిండేది ఎవరు, నీ అబ్బా అని అడగాలనిపించింది.  తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నియమం ప్రకారం కారైనా పోవాలి, ఆమైనా పోవాలి. కారు వదిలితే ఆమె పని లేదు. ఇల్లు వదిలితే ఆమె కూతురు యోరిండే, పదేళ్ళది, ఈ ఇంట్లోనే పుట్టింది, ఈ వీధి బడిలోనే చదువుతుంది, ఆ బడి మానాల్సిందే. మిగిలింది ఒకటే దారి, మినహాయింపు. దానికి అందరూ పచ్చ అట్ట చూపించాలి. ఒక్క ఎర్ర అట్ట లేచినా అంతే సంగతులు. ఇరవై తొమ్మిదిన చూద్దాం అన్నారు.

నవంబర్ 23

బట్టలుతికే గదిలో లియోబా దొరికింది. అంటే నేనే ఆమెకి దొరికాను.

"గుడులా, మోకాలెలా ఉంది?"

"ఫర్వాలేదు."

"అగ్నిమాపక కేంద్రం వెనక నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. జాగ్రత్తగా దిగు."

నా చేతిలో దుప్పటి తడిగా ఉంది. అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆమె యంత్రంలోంచి ఒక్కో తువ్వాలూ తీసి దులుపుతూ మాట్లాడింది, ఏదో కూర వండే పద్ధతి చెప్తున్నట్టు.

"రెండు చలికాలాలుగా నీ అద్దం గీకుతున్నది నేనే. నా పని అయ్యి బండి పెట్టడానికి వస్తే నీ బండి పక్కనే మంచు పట్టి ఉండేది. నీ మోకాలితో నువ్వెక్కడ వంగుతావని."

"అది మా అన్న..."

"సరేలే. మీ అన్నదే." మొదటిసారి నా మొహంలోకి చూసింది. "కాయితం ఎవరు రాశారో నేను అడగను. తెల్లారకముందే ఆ స్థలంలో ఉండేది ఇద్దరమే. నీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. అరవై దాటాక ఈ ఊళ్ళో నీకు ఇంకో ఇల్లెవడిస్తాడు? ఇరవై తొమ్మిదిన పచ్చ అట్ట ఎత్తు. అంతే నేనడిగేది."

ఎత్తుతానన్నాను. బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది. ఆ మంచితనం ఒంటికి జిగురులా అంటుకుంది, ఎంత కడిగినా పోవడం లేదు.

నవంబర్ 25

పచ్చ ఎత్తుతాను. ఇందులో ఆలోచించేదేముంది.

నవంబర్ 26

ఎగ్బర్ట్ ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాను, కాయితం సంగతి తప్ప.

"ఏమే, అంత భయమైతే ఆ బండి అమ్మి పారెయ్యరాదూ?"

"బండి నీది. నేనెలా అమ్ముతాను?"

చాలాసేపు నవ్వాడు. "నాదా! నేను దాని రంగు చూసి నాలుగేళ్ళయింది గుడులా. ఎరుపేనా ఇంకా?"

ఎరుపు కాదు. ఎప్పుడూ ఎరుపు కాదు.

నవంబర్ 28

పచ్చే.

నవంబర్ 29

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేననుకున్నంత రాక్షసులు కాదు వీళ్ళు. అదే నాకు మింగుడు పడలేదు. స్వాంట్యే లేచి, ఉమ్మడి కారు ఆ రోజు స్కీయింగ్‌కి తీసుకెళ్ళింది తనేనని చెప్పి ఏడ్చింది. కింది అంతస్తు వాళ్ళు కవల పిల్లల్ని చెరో ఒళ్ళో పెట్టుకుని, లియోబా లేకపోతే వీళ్ళలో ఒకరే ఉండేవాళ్ళు అన్నారు. చివరికి ఫోల్క్‌హార్డ్ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా మనవణ్ణి ఈ లోకంలోకి తెచ్చిన మనిషి. నియమం మన కోసం, మనం నియమం కోసం కాదు." చూస్తుండగానే హాలంతా మెత్తబడింది. యోరిండే మెట్ల మీద కూర్చుని కమ్మీల్లోంచి చూస్తోంది. అయిపోయిందనే అనుకున్నాను. నా చెయ్యి అప్పటికే పచ్చ అట్ట మీద ఉంది.

అప్పుడు అన్నాడు. "ఒక్క చిన్న షరతు. ఒకరికి మినహాయింపు ఇస్తున్నాం కాబట్టి మిగతావాళ్ళం ఒకరికొకరు మాట ఇచ్చుకుందాం. మినహాయింపు ఒప్పుకున్న వెంటనే, ఇక్కడే, వరసగా ఒక్కొక్కరూ నోటితో చెప్పాలి. నాకు కారు లేదు, మా ఇంటివాళ్ళ పేరు మీద ఉన్నది కూడా నేను తోలడం లేదు, అని. రెండూ కలిపే ఓటు. కాయితం మీద సంతకం పెట్టడం తేలిక, మొహం చూస్తూ చెప్పడం వేరు కదా."

అందరూ బాగుంది బాగుంది అన్నారు. సంతకం పెట్టగలను. ఇన్నేళ్ళు పెట్టాను. కానీ లియోబా నాకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. ఆమె కళ్ళముందు ఆ మాట నోటితో ఎలా అనను? అనకుండా ఎలా ఉండను? అన్నా పోతాను, అనకపోయినా పోతాను.

పది పచ్చ అట్టలు లేచాయి. నాది ఎర్రది.

నేనే ఎత్తాను. చెయ్యి దానంతటది లేవలేదు. ఎవరూ పట్టి లేపలేదు. పైగా మాట్లాడాను కూడా. "ఈ రోజు బిడ్డల కోసం, రేపు మోకాళ్ళ కోసం, ఎల్లుండి ఇంకోదాని కోసం. నియమానికి ఒక చిల్లు పడితే అది ఆగదు," అన్నాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఎంత చక్కగా మాట్లాడానో! 

లియోబా ఒక్క మాటతో నన్ను ఆ చాప మీదే పాతేయగలిగేది. అనలేదు. లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి యోరిండేని పైకి తీసుకుపోయింది.

ఓటు ఓడిపోయింది కాబట్టి షరతూ పోయింది. ఎవరూ ఏ మాటా ఇవ్వనక్కర్లేకపోయింది.

బయటికి వస్తుంటే ఫోల్క్‌హార్డ్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులు ఎరువు కంపు. "నేను మెత్తబడ్డాను గుడులా, సిగ్గుపడుతున్నా. వెన్నెముక ఉన్నది నీకొక్కదానికే."

నవంబర్ 30

పత్రం మీద సంతకం చేసి పెట్టెలో వేశాను.

డిసెంబర్ 4

ఎవరూ నాతో మాట్లాడటం మానలేదు. మానితే బాగుండునని ఎదురుచూశాను. పైగా గౌరవంగా తప్పుకుంటున్నారు మెట్ల మీద.

డిసెంబర్ 10

లియోబా సామాను తరలించారు. లారీ పిలుద్దాం అంటే మనవాళ్ళు ఒప్పుకోలేదు, ప్రేమతో. సామాన్లు మోసే సైకిళ్ళు ఏడు తెచ్చారు. మంచం ఒకదాని మీద, బీరువా ముక్కలు రెండింటి మీద, యోరిండే అక్వేరియం నీళ్ళు తీసి ఇంకోదాని మీద. ఉల్లికాడల సూపు కాచారు. ఎవరో అకార్డియన్ వాయించారు. మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టి ఊరేగింపు చేస్తున్నారు! వీధి మొగలో నిలబడి ఎవరో ఫొటో తీస్తే అందరూ నవ్వారు. అందులో నేనూ ఉన్నాను, దీపం గొడుగు పట్టుకుని.

వెళ్ళబోతూ లియోబా నా తలుపు కొట్టింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"ఎక్కడ దొరికింది ఇల్లు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"కొండ దిగువన. బడి మారుతోంది పిల్లకి." చేతి తొడుగులు వేసుకుంటూ అంది, "నేను నీ గురించి ఎందుకు చెప్పలేదో అనుకుంటున్నావేమో. మంచితనం అనుకోకు. ఆ రోజు నువ్వు అట్ట ఎత్తినప్పుడు నీ మొహం చూశా. దానికి నా మాట ఎందుకు వేస్ట్ చేసుకోవడం అనిపించింది."

"లియోబా..."

"నా బిడ్డ అడిగింది, అమ్మా ఆ పెద్దావిడకి మనమేం చేశామని. ఏం చెప్పాలో తెలీలేదు. నువ్వే చెప్పు, ఏం చెప్పను?"

 కాసేపు ఆగింది, నిజంగానే జవాబు కావాలన్నట్టు. తర్వాత దిగి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూడలేదు.

డిసెంబర్ 11

వెళ్ళి చెప్పేస్తే? పోయేది ఇల్లే కదా.

డిసెంబర్ 12

ల్యాబ్‌లో పని ఎక్కువ. సెలవుల తర్వాత చూద్దాం.

జనవరి 9

సభలో నన్ను కొత్తవాళ్ళని ఎంచే కమిటీలో వేశారు. ఫోల్క్‌హార్డ్, నేను. అందరూ పచ్చే.

జనవరి 21, శనివారం

లియోబా ఖాళీ చేసిన ఇల్లు చూడటానికి ఒక జంట వచ్చింది. పిల్ల పేరు రోమీ, పాతికేళ్ళుంటాయేమో, ఆరో నెల. యూనివర్సిటీ తోటల్లో పని. అతను వంటవాడు. కిటికీ దగ్గర నిలబడి ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ ఉయ్యాల పడుతుంది చూడు," అంది అతనితో. తర్వాత నా వైపు తిరిగి, "ఈ చుట్టుపక్కల మంత్రసాని ఎవరైనా ఉన్నారా, మీకు తెలుసా?" అని అడిగింది.

"ఇక్కడ మీరు అనం, నువ్వు అంటాం," అన్నాడు ఫోల్క్‌హార్డ్ ముద్దుగా. మంత్రసాని సంగతి ఇద్దరం చెప్పలేదు.

అడగాల్సినవి అడిగాం. చెత్త, స్నానం, హీటరు. ఆఖరిది నేను అడగాలి. "కారు ఉందా?"

"లేదు," అన్నాడు అతను.

రోమీ అతని వైపు చూసింది. "ఉంది కదా, చెప్దాం. మా నాన్న పేరు మీద ఉందండీ. అంటే, ఉంది గుడులా. నెలకి రెండు మూడుసార్లు నేనే తోలుతా. ఆయన పేరు మీద ఉంది కాబట్టి లేదని రాయొచ్చన్నారు ఎవరో. కానీ అది అబద్ధం అవుతుంది కదా?"

ఫోల్క్‌హార్డ్ నా వైపు చూశాడు. వెన్నెముక ఉన్నదాని వైపు.

"అవుతుంది," అన్నాను. "పేరు ఎవరిదైతేనేం, తోలేవాళ్ళదే బండి. మన్నించు. కుదరదు."

ఆ పిల్ల ఏడవలేదు. తల ఊపింది. తన నిజాయితీకి తనే కాస్త సిగ్గుపడినట్టు నవ్వి, కోటు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. తెలుసుకోవాలనే అడిగింది, ఎత్తిపొడుపేమీ లేదు.

"మీకు కష్టమనిపించలేదా? ఎన్నాళ్ళయింది మీరు కారు లేకుండా?"

"ఇరవై రెండేళ్ళు," అన్నాను, ఆమె మొహం చూస్తూ.

"గొప్ప," అంది.

పైకొచ్చి పళ్ళు తోముకున్నాను. టైము మధ్యాహ్నం పన్నెండున్నర. మళ్ళీ తోముకున్నాను.